ముప్పై ఏళ్ళ సీసాకి వారం కుదరలేదు

మందు గురించి నాకు తెలిసింది తక్కువ. ఆ కాస్తా అన్న చెప్పిందే. అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు, హైటెక్ సిటీలో నేను మొదట చేరిన ఆఫీసులో నా పై అధికారి. ఇల్లు చందానగర్‌లో. అందరితో పాటు నేనూ సార్ అనేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆయనే "సారేంది తమ్మీ, మంచిగ అన్న అను" అన్నాడు. ఆఫీసులు మారాయి, పదవులు మారాయి, ఆ పిలుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

అన్న ఒకప్పుడు ఆఫీసు పని మీద స్కాట్లాండు వెళ్ళి ఏడాది ఉండి వచ్చాడు. అక్కడ సెలవు రోజుల్లో విస్కీ పీపాలు నిలవ చేసే గిడ్డంగులు చూడ్డానికి వెళ్ళేవాడట. ఆ చీకట్లో, పీపాల మధ్య నిలబడి ముక్కు వాడడం నేర్చుకున్నానని ఆయన చెప్పేవాడు. చలికి తట్టుకోలేక తాగడం నేర్చుకున్నాడని వదిన చెప్పేది. ఇద్దరి మాటా నిజమే అయ్యుండొచ్చు.

ఆయన గ్లాసు పట్టే తీరే వేరు. పొట్ట ఉబ్బి మూతి సన్నగా ఉండే చిన్న గ్లాసులు ప్రత్యేకంగా కొనిపెట్టుకున్నాడు. అడుగు తడిసేంత పోసి, అరచేత్తో వెచ్చబెట్టి, నోరు కాస్త తెరిచి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. తర్వాత చెంచాతో రెండు చుక్కల నీళ్ళు. నీళ్ళు పోస్తే పల్చబడుతుందని కదా మనం అనుకుంటాం? కాదట, ముడుచుకున్న వాసన విచ్చుకుంటుందట. "ఎండు అంజూర... ఎనకాల పాత తోలు... జర ఆగు తమ్మీ, తేనెమైనం గూడ ఉన్నది" అని ఆయన కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే చెబుతుంటే నేను నా గ్లాసులో వెతుక్కునేవాణ్ణి. "నాకు మందు వాసనే వస్తోందన్నా" అనేవాణ్ణి. ఎన్నిసార్లు కూర్చున్నా నాది అదే మాట. ఆయనకు వచ్చేవన్నీ నాకెందుకు రావో, అసలవి గ్లాసులో ఉన్నాయో ఆయన తలలో ఉన్నాయో నాకెప్పుడూ అర్థం కాలేదు.

మా సిట్టింగుల్లో మూడోవాడు కడపాయన. కొండాపూర్‌లో నాకు ఫ్లాటు ఇప్పించినవాడు. ఇప్పుడు కోకాపేటలో టవర్లు అమ్ముతున్నాడు. నా రిజిస్ట్రేషన్ రోజు నాకు తోడుగా వచ్చిన అన్నతో మాట కలిపాడు, సాయంత్రానికి నాకన్నా ఆయనకే దగ్గరైపోయాడు. ఈయనకూ వాసనల సంగతి పట్టదు. అన్న చెప్పేది వింటూ పల్లీలు నమలడమే ఆయన పని.

ముప్పై ఏళ్ళ సీసా ఈయన ద్వారానే వచ్చింది. ఈయన దగ్గర ఫ్లాటు కొన్న పై దేశం ఆయన ఒకరు వెతికి తెచ్చి ఇచ్చాడు. ఒకే ఒక్క పీపాలోంచి నింపిన సీసాలు, ప్రతిదాని మీదా దాని వరస సంఖ్య చేత్తో రాసి ఉంది. ఆ పీపా ఖాళీ అయిపోయింది, ఆ విస్కీ ఇక పుట్టదు. ముగ్గురం కలిసి కొన్నాం. ధర ఎంతో ఇళ్ళల్లో చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

పీపాలో ఉన్నన్నాళ్ళూ ఏటా కొంత చెక్కలోంచి ఆవిరై గాలిలో కలిసిపోతుందట. దాన్ని అక్కడివాళ్ళు దేవతల వాటా అంటారని అన్న చెప్పాడు. అంటే ముప్పై ఏళ్ళు దేవతలు తాగగా మిగిలింది మా దాకా వచ్చిందన్నమాట. అది విని కడపాయన సీసాకి దండం పెట్టుకున్నాడు. నవ్వుతూనే పెట్టుకున్నాడు గానీ, చెప్పులు విడిచి మరీ పెట్టుకున్నాడు.

సీసాని అన్న ఇంట్లో, వదిన పట్టుచీరల బీరువాలో, వెలుతురు తగలకుండా నిలబెట్టాం. మూత తీయడానికి అందరికీ కుదిరే రోజు ఒకటి చూసుకుందాం అనుకున్నాం. అక్కడే పడింది ముడి.

అన్నకి సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు. ఆ రెండు రోజులూ ముట్టడు. గురువారం కడపాయనకి బాబా. శుక్రవారం లక్ష్మీదేవి పేరు చెప్పి మూడిళ్ళల్లోనూ ఆడవాళ్ళు ఒప్పుకోరు. శనివారం వెంకన్న, అది ముగ్గురికీ. బుధవారం సాయంత్రమైతే నాకు పై దేశంవాళ్ళతో కాల్. ఇక మిగిలింది ఆదివారం. "ఆదివారం యాడ కుదురుతాదన్నా, జనాలు సైట్లు సూడ్డానికి వచ్చేదే ఆ పొద్దు" అనేవాడు కడపాయన. ఎప్పుడైనా ఒక ఆదివారం ఖాళీ దొరికితే అది శ్రావణంలోనో కార్తీకంలోనో వచ్చి పడేది. మామూలు మందుకి ఇంత పట్టింపు లేదు. బుధవారం నా కాల్ అయ్యాక ఏదో ఒకటి అయిపోయేది. ఈ సీసాకి మాత్రం ముగ్గురం నిమ్మళంగా, ఏ దేవుడి బాకీ లేకుండా కూర్చోవాలని పట్టుబట్టాం. చూస్తూ చూస్తూ రెండేళ్ళు గడిచాయి.

"పరేషాన్ గాకుండ్రి" అనేవాడు అన్న. "సీసల పడ్డంక దానికి ఈడు పెరగదు. పెరిగేది మనకే." విస్కీకి వయసు పీపాలోనే వస్తుంది, గాజులోకి దిగాక ఎన్నేళ్ళున్నా అది అలాగే ఉంటుంది. ఆ మాట నాకు అప్పుడు ధైర్యంగానే వినిపించింది.

తర్వాత అన్న గొంతు బొంగురుపోయింది. ఏసీ గాలి అనుకున్నాం, ఫోన్లలో ఎక్కువ మాట్లాడడం అనుకున్నాం, మిరియాల పాలు తాగమన్నాం. ఎంతకీ తగ్గకపోతే దవాఖానకి వెళ్ళాడు. అక్కడ ముక్క తీసి పరీక్ష చేసి, గొంతులో చెడ్డ కణితి అన్నారు. తొందరగానే పట్టుకున్నాం, కత్తి పెట్టక్కర్లేదు, వరసగా కొన్ని వారాలు కరెంటు, అదే రేడియేషన్, పెడితే చాలు అన్నారు.

అన్నని చూసి వస్తుంటే కొత్తగూడ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. కారు ఆగింది సరిగ్గా రోడ్డు పక్క చిన్న ఆంజనేయస్వామి గుడి ముందు. నేను పెద్ద భక్తుణ్ణి కాను. కానీ ఆ పూట స్టీరింగు మీద చేతులుంచి ఏడుస్తూ మొక్కుకున్నాను. అన్నకి నయమయ్యేదాకా మందు ముట్టను స్వామీ, అన్నాను. ఏదైనా ఇష్టమైనది వదిలేయాలంటారు కదా. అప్పటికి నాకు తట్టింది అదొక్కటే. వెనక హారన్లు మొదలయ్యాయి, కారు కదిలించాను, మొక్కు మాత్రం అక్కడే ఉండిపోయింది.

మూడు రోజుల తర్వాత ఆఫీసు కాంటీన్‌లో ఉండగా అన్న ఫోన్ చేశాడు. గాలి ఎక్కువ, మాట తక్కువగా ఉంది గొంతు.

"తమ్మీ, వచ్చే సోమవారం నుంచి కరెంటు పెడ్తరట. అది పెట్టినంక నాల్కకు రుచి వోతదని చెప్పిండు డాక్టరు. మళ్ల ఎప్పుడొస్తదో, వస్తదో రాదో చెప్పలేమన్నడు. ఆదివారం రాండ్రి ఇద్దరు. సీస తెరుద్దాం."

"తాగొచ్చా అన్నా మీరు?"

"తాగుతనన్ననా? నోట్లె వెట్టుకుని ఊంచేస్త. చవి చూస్త, అంతే. కానీ మీరు తాగాలె. నేనొక్కణ్ణే చూసుకునేదానికి అది నా ఒక్కని సీస గాదు."

సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక ప్లేటులో ఏముందో కూడా కనిపించలేదు. ఆయన కోసం వదిలేసిన దాన్ని, ఆయన కోసం తాగాలి. తాగితే మొక్కు తప్పినట్టు, ఆ పైన ఆయనకేమైనా అయితే జీవితాంతం నన్ను నేను క్షమించుకోలేను. తాగకపోతే, రెండేళ్ళు ఎదురుచూసిన మనిషి ఆ రుచి చూడకుండానే కరెంటు కిందికి వెళతాడు. పోనీ, ముట్టను అన్నాను కదా, ముట్టడం అంటే ఏమిటి? గ్లాసు పట్టుకోవడమా, నాలుక మీద పెట్టుకోవడమా, మింగడమా? మధ్యాహ్నం మీటింగులో ఎవరో నన్నేదో అడిగితే రెండుసార్లు సరే అన్నానట. దేనికి సరే అన్నానో ఇప్పటికీ తెలీదు.

కడపాయనకి ఫోన్ చేస్తే అక్కడ ఇంకో కథ. "నేను మాలేసుకుంటి కదప్పా" అన్నాడు. "అన్న కోసరమే. మండల దీక్ష. మందున్న గదిలోకే నేను రాకూడదు, ఇంగ తాగేదేముంది?"

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ తోటకూర తరుగుతూ విన్నది.

"మొక్కుకునేటప్పుడు నన్నడిగారా?"

"ట్రాఫిక్‌లో ఉన్నాను."

"ఎవరి కోసం మొక్కుకున్నారో ఆయన్నే అడగండి."

"ఆయనకెలా చెబుతాను? అసలే బెంగగా ఉన్నారు. నేను మందు మానేశానంటే తన పని అంతేనేమో అనుకుంటారు."

"అయితే వాసన చూసి వచ్చేయండి."

"దేవుడికి పెట్టే పువ్వు వాసన చూడకూడదని నువ్వే అంటావు కదా?"

ఆవిడ కత్తిపీట మీంచి తలెత్తి చూసింది. "ఇది దేవుడికి పెడుతున్నారా మీరు?" అంది. దేవుడికి వదిలేశాక అది దేవుడిదా, వదిలేసింది నేనే కాబట్టి ఇంకా నాదా? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం చందానగర్ వెళ్ళాం. కడపాయన నల్లబట్టల్లో, నుదుట గంధంతో, కాళ్ళకి చెప్పుల్లేకుండా వచ్చి బాల్కనీలో పీట వేసుకుని కూర్చున్నాడు. గదికీ ఆయనకీ మధ్య గడప. వదిన ఆయన్ని స్వామీ అని పిలిచి మజ్జిగ ఇచ్చింది. అన్న ఆయన్ని పైకీ కిందికీ చూసి ఏమీ అనలేదు. అనలేదంటే గొంతు లేక కాదని నాకు తెలుస్తూనే ఉంది.

సీసా తెచ్చి మూత తిప్పాడు. ముప్పై ఏళ్ళ మందుకి వేసిన బిరడా పైసగం చేతిలోకి వచ్చి, కిందిసగం పొడై సీసాలో పడింది. వదిన టీ జల్లెడలో పలచటి బట్ట వేసి ఇచ్చింది. అన్న రెండు గ్లాసుల్లోకి వడకట్టి ఒకటి నా ముందుకి జరిపాడు. లేత ఎర్రరంగు, కాచిన నెయ్యిలా గ్లాసు అంచుల్ని పట్టుకుని మెల్లగా జారుతోంది. నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

"స్వామి అంటే మాలల ఉన్నడు. నీకేమైంది?"

చెప్పేశాను. ట్రాఫిక్, గుడి, మొక్కు, అన్నీ. చెబుతుంటే నాకే పిచ్చిమాటల్లా వినిపించాయి.

"నన్నడగకుండ నా పేరు మీద మొక్కుడేందిరా?" అన్నాడు అన్న. ఆ గొంతుతో అరవలేకపోయాడు గానీ అది అరుపే. "ఒకడు నల్లబట్టలు గట్టె, ఒకడు మొక్కుకునె. మీ ఇద్దరి మధ్యల నేనేం జేయాలె ఇగ?"

బాల్కనీలో కడపాయన తలొంచుకుని కాలిగోరు గీరుకుంటున్నాడు. తాగేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. చెయ్యి కదలలేదు.

అన్న తన గ్లాసు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నోరు కాస్త తెరిచి, కళ్ళు మూసుకుని, ఎప్పటిలాగే. అలా ఉండిపోయాడు. తర్వాత లేచి, "ఊంచేది మీ ముందట ఎందుకు" అని రెండు గ్లాసులూ సీసా పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. నా గ్లాసులోది తిరిగి సీసాలో పోస్తాడు కాబోలు అనుకున్నాను. లోపల వదిన ఏదో అంది, ఆయన ఊ అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు తువ్వాలుతో మూతి తుడుచుకుంటున్నాడు.

"ఎట్లుందన్నా?" గడప అవతల నుంచి కడపాయన అడిగాడు.

"చెప్ప" అన్నాడు అన్న. "మీ మొక్కులు తీరి మీరు తాగిన నాడు చెప్త."

నాకు గుండె తేలికైంది. తను చవి చూశాడు, నా మొక్కు తప్పలేదు. అంత సులువుగా తేలిపోతుందనుకోలేదు. మెట్లు దిగుతూ ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

సోమవారం కరెంటు మొదలైంది. డాక్టరు చెప్పినట్టే రెండు మూడు వారాలకి రుచి పోయింది. కూరలో ఇంగువ ఏ మాత్రం ఎక్కువైనా గుమ్మంలోనే పసిగట్టే మనిషి, వదిన పెట్టిన పెరుగన్నం తిని, ఉప్పు వేసిందో లేదో చెప్పలేకపోయాడు. "అట్టముక్క తిన్నట్టున్నది" అనేవాడు. వదిన నా ముందు ఏడవకుండా వంటింట్లోకి వెళ్ళేది. ఆ రోజుల్లో నాకు ఒకటే ఊరట. పోనీలే, ఆ ఒక్క రుచీ చూసుకునే వెళ్ళాడు కదా అనుకునేవాణ్ణి. అదే మాట కడపాయనతో ఎన్నిసార్లు అన్నానో.

కరెంటు అయిపోయింది. ఎండలు వచ్చి, వానలూ మొదలయ్యాక, పరీక్షలన్నీ చేసి గొంతు శుభ్రంగా ఉందన్నారు. మాట తిరిగొచ్చింది, కాస్త గరుకుగా. రుచి మాత్రం రాలేదు. కారం మంట తెలుస్తుంది, వేడి తెలుస్తుంది, అంతే. నయమయ్యేదాకా అని మొక్కుకున్నాను కదా, ఇది నయం కిందికి వస్తుందా రాదా అని మళ్ళీ తల పట్టుకున్నాను. మా ఆవిడ వినీ వినీ విసిగి, కొబ్బరికాయలు కొని కారెక్కించి కొత్తగూడ గుడి ముందు దింపింది. కాయలు కొట్టాను. స్వామి వైపు నుంచి అభ్యంతరమేమీ వినిపించలేదు.

అన్న ఫోన్ చేసి బుధవారం రమ్మన్నాడు. కాల్ ఉందన్నాను. "వారం లేదు గీరం లేదు, రా" అన్నాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి చెప్పకుండా కాల్ ఎగ్గొట్టాను.

ఈసారి కడపాయన గడప లోపలే కూర్చున్నాడు. పగిలిన బిరడా బదులు సీసాకి రబ్బరు మూత ఉంది. సీసా మెడ దాకా నిండుగా కనిపించింది. ఆ రోజు మరీ అంత తక్కువ పోశాడా అనుకున్నాను. అన్న మా ఇద్దరికీ పోసి, తన గ్లాసులో మంచినీళ్ళు పోసుకున్నాడు.

"చూసి చెప్పు" అన్నాడు నాతో.

వాసన చూశాను. "మందు వాసనే అన్నా."

"జర ఆగు. నోరు తెర్వు. రెండు చుక్కలు నీళ్ళు పొయ్యి. ఇప్పుడు చూడు, తొందర వడకు."

ఆగాను. నాలుక మీద పెట్టుకున్నాను. ముందు మంట. అది సద్దుమణిగాక ఏదో తీపి, పులుపు కలిసిన తీపి. ఎక్కడో తెలిసిన వాసన. అంజూరా కాదు, తోలూ కాదు. "మామిడి తాండ్ర" అన్నాను నాకు తెలీకుండానే. "మా గోదావరి వైపు తాటాకు చాపల మీద పోసి ఎండబెడతారే, ఆ తాండ్ర. చాప వాసనతో సహా." నా నోటి నుంచి మొదటిసారి ఒక వాసన పేరు వచ్చింది. పదో తరగతి పాసైనంత సంబరపడిపోయాను. "కరెక్టేనా అన్నా? ఆ రోజు మీకూ అదే వచ్చిందా? ఇవాళ చెబుతానన్నారు కదా."

అన్న నీళ్ళ గ్లాసు తిప్పుతున్నాడు. వంటింటి గుమ్మంలోంచి వదిన అంది:

"ఆయన తాగితే గద తమ్మీ చెప్పనీకి. ఆ రోజు లోపలికొచ్చి రెండు గ్లాసులు మళ్ల సీసలనే ఒంపిండు. బొట్టు గూడ ముట్టలే. మీకు చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నడు."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆ రోజు, కరెంటు పెట్టకముందు నాలుక బాగున్న చివరి ఆదివారం. మేమిద్దరం నవ్వుకుంటూ మెట్లు దిగాం.

"ఎందుకన్నా?" అన్నాను. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆయన మీదో, నా మొక్కు మీదో, స్వామి మీదో తెలీలేదు. "మీ కోసమే కదా మేము..."

"నా కోసమే గదా" అన్నాడు అన్న. "మీరిద్దరు నోరు కట్టుకుని నా ముందట కూసుంటె, నాకొక్కనికి ఎట్ల దిగుతది తమ్మీ?"

కడపాయన గ్లాసు కింద పెట్టేసి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. మొక్కుకోకపోతే ఆయన తాగేవాడు. మొక్కుకోకపోతే ఆయన ఇవాళ ఇలా కూర్చుని ఉండేవాడో కాదో. ఈ రెంటిలో ఏది ఎక్కువో నేను తేల్చుకోలేకపోయాను, ఇప్పటికీ తేల్చుకోలేదు.

అన్న నీళ్ళ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నోరు కాస్త తెరిచి, కళ్ళు మూసుకున్నాడు.

"మామిడి తాండ్ర కాడ ఆగినవ్" అన్నాడు. "ఎనకాల ఇంకేమున్నదో చూడు. జర నిమ్మలంగ చెప్పు. నేను తాగుతున్న."